నలభై నాలుగో పిల్లి

మార్చి 4, బుధవారం

నిన్న పంటు వచ్చింది. ఆరు నెలలకోసారి ఒడ్డు నుంచి సరుకులతో వచ్చే ఆ బల్లకట్టు పడవ కోసం, సముద్రం మధ్యలో స్తంభాల మీద నిలిచిన మా ఏడో దిమ్మె జనమంతా అంచు కమ్మీల దగ్గర తోసుకుంటూ నిలబడతారు. ఉల్లిపాయలు, మందులు, బట్టలు, ఉత్తరాలు దిగాయి. నేను చూసేది మాత్రం పిల్లికూనల బుట్ట కోసమే. ప్రతిసారీ ఐదో ఆరో కూనలు వస్తాయి. ఐదో నెల దాకా పెంచి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, అయినట్టు గుర్తుగా ఎడమ చెవి కొస కత్తిరించి ఇళ్ళకి పంచడం నా పని. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. పిల్లలు నన్ను కత్తెరమ్మ అంటారు. మొదట్లో కోపం వచ్చేది, ఇప్పుడు ఆ పేరుకే పలుకుతున్నాను.

ఈసారి బుట్ట దిగలేదు. కూనల్ని పెంచే కేంద్రంలో ఏదో జ్వరం తగిలి పిల్లులన్నీ పోయాయని పంటు నడిపే సరంగు చెప్పాడు. ఒడ్డు పొడుగునా అంతేనట. అతను మాట్లాడుతున్నంతసేపూ పంటు మీది ఎర్రటి గండుపిల్లి అతని కాళ్ళ మధ్య తిరుగుతూనే ఉంది. ఒడ్డున దాన్ని కిందికి దిగనివ్వలేదు కాబట్టి బతికిందట. ఇక్కడ మాత్రం ఎప్పటిలాగే దిగడానికి పలక వెయ్యగానే దూకి ఎటో పోయింది. అది ఒడ్డువాళ్ళ ఆస్తి, దాని మీద నా కత్తెరకి అధికారం లేదు.

సాయంత్రం దిమ్మె అధికారి భానోజీ నా పిల్లుల ఆసుపత్రికి వచ్చి మన దగ్గర పిల్లులెన్ని అని అడిగాడు. నలభై మూడు అన్నాను. పిల్లలు పెట్టగలిగేవి ఎన్ని అన్నాడు. ఒక్కటీ లేదు, చివరి ఆరింటికీ పోయిన నెలలోనే అయిపోయింది, అన్నీ నా చేతుల మీదుగా వెళ్ళినవే అన్నాను, కాస్త గర్వంగానే. ఇవి ముసలివై పోయాక గాదెల్లో ఎలుకల్ని పట్టేదెవరు అన్నాడు. అప్పటికిగానీ నేనేమన్నానో నాకే అర్థం కాలేదు.

మార్చి 19, గురువారం

ప్రెషర్ కుక్కర్‌లో పనిముట్లు ఉడకబెట్టాను. చేతి తొడుగులు ఉతికి తీగ మీద ఆరేశాను. టేబుల్ తుడిచాను. చెయ్యడానికి ఒక్క ఆపరేషన్ కూడా లేదు, అయినా వారానికోసారి ఇవన్నీ చెయ్యకపోతే నాకు తోచదు. మస్తాన్ వలీ నన్ను చూసి నవ్వాడు. మత్తు ఇచ్చేదీ, పిల్లిని పట్టుకునేదీ, కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టేదీ అతనే. పెళ్ళికూతురు లేని పందిరికి తోరణాలు కడుతున్నావక్కా అన్నాడు.

తర్వాత ఇద్దరం గాదెల దగ్గరికి వెళ్ళాం. నాలుగో గాదె అడుగున ఎలుకలు ఇనప జల్లెడనే కొరికేశాయి. ఉప్పు నీళ్ళకి తుప్పు పట్టిన జల్లెడ వాటికి అప్పడంతో సమానం. విత్తనపు బస్తాలు మూడు ఖాళీ. విషం పెట్టడానికి లేదు. చచ్చిన ఎలుక వాననీటి తొట్టిలో పడితే ఆ నీళ్ళే అందరం తాగాలి. బోనులు పెడితే రెండు రోజులు పడ్డాయి, మూడో రోజు నుంచి ఎర తిని పోతున్నాయి. పిల్లులు గాదె మెట్ల మీదే ఉన్నాయి. సగం ముసలివి. ఎండకి పొట్టలు చూపిస్తూ పడుకున్నాయి, ఆ పొట్టల మీద నా కుట్ల గీతలు కనిపిస్తూనే ఉన్నాయి.

ఒడ్డువాళ్ళు ఈ దిమ్మెని సముద్రం మధ్యలో నిలబెట్టింది మా మీద ప్రేమతో కాదు, ఉప్పు నీటిని తట్టుకునే వరి విత్తనం కోసం. విత్తనం ఇవ్వలేకపోతే సెప్టెంబరు పంటులో మూడు వందల మందినీ ఎక్కించుకుపోయి శిబిరంలో దింపుతారు. ఆ మాట పంటులో వచ్చిన ఉత్తరంలో స్పష్టంగానే ఉంది. భానోజీ దాన్ని నాలుగుగా మడిచి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు, ఎవరికీ చూపించకుండా. నాకు చూపించాడు. నాకెందుకు చూపించాడో నాకు తెలుసు.

ఏప్రిల్ 3, శుక్రవారం

రాయక తప్పదు, రాస్తాను.

పోయిన ఆగస్టులో మత్తుమందు అయిపోయింది. ఆరు కూనలకి ఈడు వచ్చింది. సెప్టెంబరు పంటులో ఒడ్డు నుంచి తనిఖీవాళ్ళు వస్తున్నారు. చెవి తెగిన పిల్లికే రోజుకి రెండు చేపతలల వాటా. చెవి తెగనిది కనిపిస్తే కావలివాళ్ళు పట్టుకొస్తారు, తప్పు నా మీద పడుతుంది. అందుకని ముందు చెవులు కానిచ్చేద్దాం, మందు వచ్చాక పొట్టల సంగతి చూద్దాం అనుకున్నాను. చెవి కొసకి ఐస్ ముక్క పెట్టి, ఆరింటికీ చిటుక్కున కత్తిరించేసి, ఆపరేషన్ అయిపోయినట్టు లెక్కల పుస్తకంలో రాసేశాను. తనిఖీవాళ్ళు చెవులు చూశారు, మెచ్చుకున్నారు, టీ తాగి వెళ్ళిపోయారు.

మందు వచ్చాక కబురు పెడితే ఐదు ఇళ్ళవాళ్ళు తెచ్చారు. ఆరోది కొల్లాటి తిరుపతమ్మ పిల్లి. సముద్రంలో పడిపోయిందని చెప్పి పంపింది. ఇక్కడ పిల్లులు పడిపోవడం మామూలే. నేను వెళ్ళి చూడలేదు. చూస్తే మళ్ళీ రాయాలి, రాస్తే చెవి సంగతి బయటపడుతుంది. లెక్కలోంచి ఒకటి తీసేసి ఊరుకున్నాను.

ఈరోజు మస్తాన్ వలీ టీ తాగుతూ తాపీగా చెప్పాడు, తిరుపతమ్మ కిటికీకి లోపలివైపు వల బిగించుకుందని, ఆమె గడప దగ్గర బూడిదరంగు వెంట్రుకలు చూశానని. ఎప్పటి నుంచి తెలుసు అని అడిగాను. సంక్రాంతి దాటినప్పటి నుంచి అన్నాడు. నువ్వే చూడకూడదనుకుంటున్నావని నేను కూడా చూడలేదక్కా అన్నాడు.

ఏప్రిల్ 7, మంగళవారం

తిరుపతమ్మ ఉండేది కింది అంతస్తులో, పడవలు కట్టే చోట. నేల పలకల సందుల్లోంచి నీళ్ళు కనిపిస్తాయి. అరవై దాటిన మనిషి, ఇప్పటికీ ఒక్కతే వేటకి వెళుతుంది. నన్ను చూడగానే గుమ్మానికి అడ్డంగా కూర్చుని వల బాగుచేయడం మొదలుపెట్టింది.

పిల్లి కోసం వచ్చానని చెప్పాను. లేదంది. కోయడానికి కాదు పిన్నీ, బతికించుకోవడానికి అన్నాను. గాదెల సంగతి, ఒడ్డున చచ్చిపోయిన పిల్లుల సంగతి అంతా చెప్పాను. ఆమె ఒక్కసారి కూడా తలెత్తలేదు. ఈలోగా లోపల్నుంచి బూడిదరంగు పిల్లి వచ్చి ఆమె వీపుకి ఒళ్ళు రుద్దుకుంది. ఎడమ చెవి కొస లేదు. పక్కలు గుండ్రంగా ఉబ్బి ఉన్నాయి. కడుపుతో ఉంది.

"పంటు వచ్చిన రోజున తప్పించుకుపోయింది" అంది తిరుపతమ్మ, ఇక దాచి లాభం లేదనుకుని. "మూడు రోజులకొచ్చింది."

అంటే ఆ ఎర్ర గండుపిల్లి. వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. పిల్లి ఈనడానికి తొమ్మిది వారాలు. మే మొదటివారం.

ఒక్కసారి పట్టుకుని చూస్తానని చెయ్యి చాపాను. తిరుపతమ్మ వల కుట్టే బద్దని నా మణికట్టు మీద అడ్డంగా పెట్టింది. కొట్టలేదు, పెట్టింది అంతే.

"నా సీతాల్ని నీకాడికే తెచ్చాను, డాట్రమ్మా. నడుసుకుంటా వచ్చిన పిల్లిని గుడ్డలో సుట్టి ఇచ్చావు. దీన్ని నీకియ్యను."

సీతాలు నాలుగేళ్ళ కిందటి ఆమె పిల్లి. నా టేబుల్ మీదే పోయింది. దాని గుండె బలహీనం, ఎవరూ ఏమీ చెయ్యలేరని అప్పుడు చెప్పాను. ఈరోజు ఆ మాట మళ్ళీ అనకుండా మెట్లెక్కి వచ్చేశాను.

ఏప్రిల్ 16, గురువారం

భానోజీకి చెప్పేశాను. ఆరు చెవులూ, దొంగ రాతా, అన్నీ. మొహం మీద ఉమ్మినా తుడుచుకుందామనే వెళ్ళాను. ఆయన ముందు కోప్పడ్డాడు, తర్వాత పిల్లి కడుపుతో ఉందనగానే లేచి నిలబడ్డాడు. మనిషి సంతోషాన్నీ కోపాన్నీ ఒకేసారి ఎటు పెట్టాలో తెలియక గదంతా తిరిగాడు. నాలుగో గాదెలో మూడో వంతు పోయింది, ఐదో గాదె మొదలైంది అన్నాడు. ఇద్దరు కావలివాళ్ళని పంపి పిల్లిని ఇప్పుడే తెప్పిస్తానన్నాడు.

కాళ్ళావేళ్ళా పడ్డాను. బెదిరిన పిల్లి ఆ పలకల సందుల్లోంచి దూకితే నీళ్ళే. పట్టుకున్నా బెదురుకి కడుపు పోవచ్చు. ఆమెంతట ఆమె తేవాలి, లేకపోతే అక్కడే ఈనాలి అన్నాను. చివరికి ఒప్పుకున్నాడు.

"మీ మాట మీద ఆగుతున్నాను, కృపారత్నం గారూ. నిజానికి మిమ్మల్ని ఇవాళే తీసెయ్యాలి. కత్తి పట్టడానికి ఇంకో మనిషి లేక ఆగుతున్నాను."

బయటికొచ్చాను. ఆ మాటకి నొచ్చుకోవాల్సింది పోయి, ఎలుకలు ఐదో గాదెకి ఎలా వెళ్ళాయా అని ఆలోచిస్తూ నడిచాను.

ఏప్రిల్ 24, శుక్రవారం

వారం రోజులుగా సరిగ్గా తినడం లేదు. చదువుకున్నప్పటి పుస్తకం తీసి పురుళ్ళ అధ్యాయం తిరగేస్తున్నాను. ఆ పేజీలు ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. పంతొమ్మిదేళ్ళలో ఒక్క పిల్లికి పురుడు పొయ్యలేదు నేను. ఆ అవసరం రాకుండా చూడటమే నా ఉద్యోగం కదా.

ఈరోజు మళ్ళీ కిందికి వెళ్ళాను. తిరుపతమ్మ తలుపు సగమే తీసింది. నేను గుమ్మం బయటే నిలబడి, సీతాలు గుండె బలహీనం కాదు పిన్నీ అన్నాను. ఆరోజు తూకం యంత్రంలో బ్యాటరీ లేదు. చేత్తో ఎత్తి చూసి నాలుగు కిలోలుంటుందని అనుకున్నాను. బొచ్చు దట్టమైన పిల్లి, లోపల మూడు కూడా లేదు. మత్తుమందు ఎక్కువైంది. మర్నాటికి వాయిదా వేసి ఉంటే బతికేది. బ్యాటరీ కోసం ఒక్క రోజు ఆగలేకపోయాను.

ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఈ ముక్క సెప్పడానికి నాలుగేళ్ళు పట్టిందా నీకు?"

తలుపు మూసేసింది. గడియ పెట్టిన చప్పుడు కూడా వినిపించింది.

మే 5, మంగళవారం

ఇప్పుడే చేతులు కడుక్కుని కూర్చున్నాను.

పొద్దున పదకొండు గంటలకి తిరుపతమ్మ చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. మీద తడిగుడ్డ. లోపల పిల్లి నోరు తెరిచి రొప్పుతోంది. తెల్లారినప్పటి నుంచి ముక్కుతోందట, ఒక్క కూనా రాలేదట. వేలితో చూశాను. కూన అడ్డం తిరిగింది. లాగితే వచ్చేది కాదు. పొట్ట కొయ్యాలని చెప్పాను.

తిరుపతమ్మ బుట్ట వదల్లేదు. మస్తాన్ వలీ తూకం యంత్రం తెచ్చి ఆమె ముందే పెట్టాడు. అంకె ఆమెతోనే చదివించాడు. మూడు కిలోల నాలుగు వందలు. మందు సూదిలోకి ఎక్కించి, గీత ఎక్కడుందో ఆమెకి చూపించాను. అప్పుడు వదిలింది.

"కోయి. దాని సంచి మాత్రం దానికుంచు. ఇంకోసారి కనాలది" అంది. బయటికి వెళ్ళమంటే వెళ్ళలేదు. టేబుల్ పక్కన పిల్లి తల దగ్గర నిలబడింది.

పిల్లి గర్భసంచి రెండు పాయలుగా ఉంటుంది, సముద్రంలో కలిసే ముందు మన ఏరు చీలినట్టు. కుడిపాయలో గాటు పెట్టి మూడు కూనల్ని తీశాను. మస్తాన్ వలీ ఒక్కొక్కదాన్నీ తువ్వాలుతో రుద్దాడు. మొదటిది వెంటనే అరిచింది, రెండోది అరిచింది, మూడోదాన్ని తిరుపతమ్మ లాక్కుని మూతి నోట్లో పెట్టుకుని పీల్చి ఉమ్మింది. అది కూడా అరిచింది. అడ్డం తిరిగింది ఎడమపాయలో ఉంది. అది చచ్చిపోయి ఉంది. ఆ పాయ నల్లబడి ఒకచోట చిట్లింది. దాన్ని ఉంచితే పిల్లి బతకదు. ఆ మాట చెప్పాను. తిరుపతమ్మ మొహం తిప్పుకుని సరేనని తలూపింది.

ఎడమపాయ కట్టాను, కోశాను, తీసి పళ్ళెంలో పెట్టాను. రక్తం ఆగింది.

ఇక్కడ జరిగింది రాయడానికి సిగ్గుగా ఉంది. ఇన్నేళ్ళలో నూట పది ఆడపిల్లుల కడుపులు తెరిచాను. ప్రతిసారీ ఎడమపాయ కట్టగానే చెయ్యి కుడిపాయ మీదికి వెళుతుంది. ఎడమ, కుడి, కింద ముడి, అయిపోయింది. ఆ వరస నా తలలో లేదు, వేళ్ళలో ఉంది. ఎడమపాయ పళ్ళెంలో పడగానే నా చేతులు వాటంతట అవే కుడిపాయ మొదట్లో దారం చుట్టేశాయి. నేను మనసులో కుట్లకి ఏ సూది తీసుకోవాలా అని ఆలోచిస్తున్నాను. వేళ్ళు ముడి వేస్తున్నాయి.

"అక్కా" అన్నాడు మస్తాన్ వలీ. మెల్లగానే అన్నాడు.

చూసుకున్నాను. మొదటి ముడి పడింది, ఇంకా బిగియలేదు. తిరుపతమ్మ నా చేతుల్నే చూస్తోంది. ఆమెకి అర్థమైంది. పిల్లి తల మీది ఆమె చెయ్యి బిగుసుకుంది. నేను దారం వదలడానికి భయపడ్డాను, లాగడానికి ఇంకా భయపడ్డాను. కత్తెర కొస దారం కిందికి దూర్చి తెంచాను. పాయ మీద సన్నటి ఎర్రటి గీత పడింది. నెత్తురు మళ్ళీ పారుతోందో లేదో తెలిసేదాకా చూశాం. తెల్లబడిన చోటు మెల్లగా గులాబీ రంగుకి తిరిగింది.

తర్వాత కుడిపాయ మీది గాటు కుట్టాను. తీసెయ్యడమే తప్ప కుట్టి ఉంచడం ఎప్పుడూ చెయ్యని మనిషిని. కొత్తగా కుట్టుపని నేర్చుకుంటున్న దానిలా ఒక్కో కుట్టూ వేసి ఆగాను. నీళ్ళు పోసి చూస్తే ఒకచోట కారింది. విప్పి మళ్ళీ కుట్టాను. అంతా అయ్యేసరికి మధ్యాహ్నం రెండు దాటింది.

మే 8, శుక్రవారం

కూనలు మూడూ పాలు తాగుతున్నాయి. రెండు మగవి, ఒకటి ఆడది. ఆడది ఒకటుందని విని భానోజీ ఊరటతో గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

తల్లికి జ్వరం. నిన్నటి నుంచి ఏమీ తినలేదు. చేప ఉడకబెట్టి వేలితో నాలుక మీద రాస్తే ఉమ్మేసింది. ఒడ్డున పిల్లుల్ని తుడిచిపెట్టిన జ్వరమే పంటు పిల్లి ద్వారా దీనికి అంటిందా, లేక నా కుట్టు లోపల చీము పట్టిందా? మొదటిదైతే నలభై మూడూ పోతాయి, రెండోదైతే ఇదొక్కటే. ఏది కావాలని కోరుకోవాలో కూడా తెలియని స్థితిలో ఉన్నాను. అరగంటకోసారి ఒళ్ళు ముట్టి చూస్తున్నాను. పొట్ట మెత్తగానే ఉంది, కుట్ల దగ్గర వాపు ఉంది. మందు మార్చాను.

తిరుపతమ్మ ఆసుపత్రి నుంచి కదలడం లేదు. బుట్టని గోడ మూలకి చేర్చి దాని ముందు కూర్చుంది. వేటకి వెళ్ళలేదు. నేను సూది వేసేటప్పుడు సీసా మీద పేరు చదవమని అడుగుతుంది, గీత దగ్గర వేలు పెట్టి చూస్తుంది. స్నానానికి వెళ్ళాలంటే మస్తాన్ వలీని పిలిచి కూర్చోబెట్టి వెళుతుంది. నన్ను దాని దగ్గర ఒంటరిగా ఒక్క నిమిషం ఉంచలేదు. ఉంచమని అడిగే మొహం నాకు లేదు.

మే 11, సోమవారం

పొద్దున ఆరున్నరకి వచ్చేసరికి తిరుపతమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పిల్లి ఆమె ఎదురుగా నిలబడి ఉంది. నాలుగు కాళ్ళ మీదా నిలబడి ఉంది. సత్తుగిన్నెలో చేప లేదు, ముల్లు మాత్రం ఉంది. ఒళ్ళు ముట్టి చూశాను, చల్లగా ఉంది. వాపు తగ్గింది. మళ్ళీ ముట్టి చూశాను. పిల్లి విసుక్కుని నా వేలు కొరికి, వెళ్ళి కూనల దగ్గర పడుకుంది. మూడూ ఒకదాన్నొకటి తోసుకుంటూ పాలకి వెళ్ళాయి.

కూనలు గాదె ఎక్కి ఎలుకని పట్టాలంటే ఇంకా నాలుగైదు నెలలు. అప్పటిదాకా గాదెల దగ్గర మనుషులమే వంతులు వేసుకుని కర్రలతో కూర్చోవాలి. సెప్టెంబరులో ఆ ఎర్ర గండుపిల్లి రావాలి. మిగిలిన ఒక్క పాయ నిలవాలి. ఇవన్నీ తిరుపతమ్మకి చెప్పాను, దేనికీ హామీ ఇవ్వలేనని కూడా చెప్పాను. ఆమె విన్నదో లేదో తెలియదు. లేచి కొంగు బిగించుకుంది, గోడకి చేరేసిన తెడ్డు భుజాన వేసుకుంది. మస్తాన్ వలీ ఇంకా రాలేదు, అతని కోసం చూస్తుందేమో అనుకున్నాను.

"ఆరు రోజులైంది నీళ్ళలోకి దిగి. ఏటకెల్లొత్తా" అంది. "దీనికాడ కూకో రత్నమ్మా. నేనొచ్చేదాకా నువ్వే సూసుకో."

వెనక్కి తిరిగి చూడకుండా మెట్లు దిగిపోయింది. పడవ విప్పిన చప్పుడు, తెడ్డు చప్పుడు వినిపించాయి. నేను కింద కూర్చున్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను, చాలాసేపు. ఆమె సాయంత్రం చేపలతో తిరిగొచ్చేదాకా ఆ బుట్ట దగ్గర నుంచి లేవలేదు.